ఫ్లెక్సీ నీడ

ఆ ఏడు దసరాకి మా డాబా మీదికి ఒక మొహం ఎక్కింది. ఎక్కించింది మా ఆయనే.

మా ఇల్లు ఊరి చివర, ప్రత్తిపాడు రోడ్డుని ఆనుకుని ఉంటుంది. రోడ్డు మాకు దక్షిణం. వచ్చే బస్సుకీ, పోయే పత్తి లారీకీ, మిరపకోతకి కూలీలను దింపే ఆటోలకీ ఊళ్ళోకి రాగానే ముందు కనపడేది మా డాబాయే. మండలంలో పెద్ద నాయకుడైన రామకాంత్ పుట్టినరోజుకి ఫ్లెక్సీ కట్టడానికి అంతకంటే మంచి చోటు లేదని మా ఆయన వెంకటనారాయణ తేల్చేశాడు. సర్పంచి ఎన్నికలు వస్తున్నాయని అప్పటికే ఊళ్ళో గుసగుసలు. రామకాంత్ ఎవరి పేరు చెబితే వాళ్ళే అభ్యర్థి. ఆ పేరు తనది కావాలని మా ఆయన ఆశ.

అంతకుముందు వేసవి దాకా మనిషి బాగానే ఉండేవాడు. మిరప మొక్క ఆకు ముడుచుకుంటే తన ఒంటికి జ్వరం వచ్చినట్టు బెంగపడేవాడు. ఎప్పుడు మొదలైందో నాకు సరిగ్గా తెలియదు. తెల్ల చొక్కాలు కుట్టించుకున్నాడు. భుజం మీదికి కండువా వచ్చింది. చేలో పని నాకు వదిలేసి, ఫోన్లో "అన్నా, మీరెంత చెబితే అంత" అనడం నేర్చాడు. అలా మాట్లాడేటప్పుడు నడుం వంచేవాడు. ఫోన్లో ఎదుటివాడికి కనపడదు కదా. అయినా వంగేవాడు.

పిట్టగోడకి ఇనుప చట్రం బిగించి ఫ్లెక్సీ కట్టారు. రామకాంత్ మొహమే తలుపంత ఉంది. కింద మూలన గుండ్రటి బొమ్మలో మా ఆయన, చేతులు జోడించి నవ్వుతున్నాడు. అలాంటి నవ్వు నేను ఇంట్లో ఎన్నడూ చూడలేదు. రోడ్డు మీది వాళ్ళకి ముందువైపు కనపడేది. డాబా ఎక్కితే నాకు వెనకవైపు. ఎండకి ఆ మొహం గుడ్డలోంచి కనపడేది, కుడిఎడమలు తిరగబడి, బూడిదరంగులో.

ఆ డాబా మీదే, బోర్డుకి కాస్త వెనగ్గా, నా సోలార్ ప్లేట్లు ఉన్నాయి. నావి అని ఎందుకంటున్నానంటే, అవి నా మహిళా సంఘం ద్వారా నా పేరు మీద వచ్చినవి. నాలుగు ప్లేట్లు, ఒక ఇన్వర్టరు, బ్యాటరీలు. వాటి మీద నడిచేది గుడ్లు పొదిగే మిషను. నాటుకోడి గుడ్లు అందులో పెడితే మూడు వారాలకి పిల్లలు దిగుతాయి. పెట్ట రెక్కల కింద ఉండే వెచ్చదనమే ఉండాలి, ఎక్కువా కాకూడదు, తక్కువా కాకూడదు. మా ఇల్లు లైను చివరన ఉండటంతో కరెంటు మీద నమ్మకం లేదు. మిరప చేలకి మోటార్లు మొదలైతే మాకు బల్బు కూడా ఎర్రగా మినుకుమంటుంది. అందుకే సోలార్.

మా వీధి ఆడవాళ్ళు గుడ్లు తెచ్చి నా మిషన్లో పెట్టేవాళ్ళు. పిల్లల్లో కొన్ని వాళ్ళకి, కొన్ని నాకు. అందరికంటే ఎక్కువ తెచ్చేది నసీమున్నీసా. మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటుంది. భర్త లేడు. కోళ్ళే ఆమెకి చేను, కోళ్ళే ఆమెకి పాడి. గుడ్లు ఊకలో పెట్టి బుట్టలో తెచ్చి, ఒక్కొక్కటి చెవి దగ్గర ఆడించి చూసి నా చేతికి ఇచ్చేది.

"జాగ్రత్తక్కా, ఇవి నా పిల్లలే అనుకో," అనేది.

బోర్డు కట్టిన రోజున దాని నీడ ప్లేట్ల దాకా రాలేదు. ఆ సంగతి చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చేసరికి ఎండ దక్షిణానికి వాలింది, నీడ సాగింది. రోజుకి కాస్త, రోజుకి కాస్త. నేను గమనించలేదు. బ్యాటరీ మాత్రం దీపాలు పెట్టే వేళకే కుయ్యి కుయ్యిమని అరవడం మొదలెట్టింది. ప్లేట్లు కడిగాను. వైర్లు చూశాను. ఏమీ తేలక, ఆ ప్లేట్లు బిగించిన పీరుని పిలిపించాను.

పీరు మధ్యాహ్నం వచ్చాడు. డాబా ఎక్కగానే మిషను వైపు కాదు, బోర్డు వైపు చూశాడు.

"పిన్నీ, ఈయన్ని ఎవరు ఎక్కించారు ఇక్కడికి?"

"మీ బాబాయి."

నాలుగింటిలో మధ్యనున్న రెండు ప్లేట్ల కింది అంచుల మీద నీడ పడుతోంది. జానెడు కూడా ఉండదు. మిగతా అంతా ఎండే. ఆ జానెడు నీడకే ఇంత నష్టమా అని అడిగాను.

"మీ మిరపచేలో డ్రిప్పు పైపుని మొదట్లో కాలేసి తొక్కితే చివరి మొక్కకి నీళ్ళందుతాయా? ఇదీ అంతే. రెండేసి ప్లేట్లు ఒక జత. జతలో ఒకదాని మీద నీడ పడితే రెండోది ఎండలో ఉండి కూడా పనిచెయ్యదు. మీ ఖర్మకి నీడ రెండు జతల మీదా పడింది. మీకు నాలుగు ప్లేట్లు లేనట్టే లెక్క."

"వెనక్కి జరపొచ్చా?"

"వెనకంతా నీళ్ళ ట్యాంకు నీడ. ఇక్కడే ఉండాలి. బోర్డు తీయించండి, అంతే."

ఆ సాయంత్రం కాదు, మర్నాడు పొద్దున, ఎండ ఎక్కి నీడ ఇంకా ప్లేట్ల మీదికి రానప్పుడు, మా ఆయన్ని డాబా ఎక్కించాను. ఆయనకి చెబితే ఎక్కదు, చూపించాలి. ఇన్వర్టరు దగ్గరి అంకె చూడమన్నాను. బాగానే ఉంది. ఆయన భుజం మీది కండువా లాగి ఒక ప్లేటు మూలన పరిచాను. అంకె సగానికి పడిపోయింది. ఆయన కళ్ళు చిట్లించి చూశాడు. కండువా తీశాను, పెరిగింది. వేశాను, పడింది.

"చూశారుగా. మీ కండువాకే ఇంత. ఆ బోర్డు నీడకి ఏమవుద్దో మీరే ఆలోచించండి. మూడు వందల గుడ్లున్నాయి మిషన్లో. సగం నసీమావి."

ఆయన కండువా తీసుకుని, దులిపి, మడిచి మళ్ళీ భుజాన వేసుకున్నాడు. ప్లేటు మీది దుమ్ము దానికి అంటుకుందేమోనని రెండుసార్లు చూసుకున్నాడు.

"వచ్చే వారం రామకాంత్ గారు మనూరొస్తున్నారు. ఈ రోడ్డునే వస్తారు. ఇప్పుడు బోర్డు తీస్తే ఏమనుకుంటారు? ఆయన వచ్చిపోయాక నేనే తీయిస్తా."

"వారం దాకా గుడ్లాగవు."

"కరెంటుందిగా! పోయినప్పుడు కదా బ్యాటరీ. అంతా నీ భయం."

ఆయన అన్నట్టు కరెంటు ఉంది. మూడు రోజులుంది. నాలుగోనాడు పొద్దున్నే రోడ్డు పక్కన ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మంది. మిరపచేలకి నీళ్ళు పెడుతూ అందరూ ఒక్కసారే మోటార్లేశారు. కొత్తది రావడానికి రెండు రోజులైనా పడుతుందన్నారు. అంతకుముందు ఏడాది ఇలాగే అయితే నేను కంగారు కూడా పడలేదు. ప్లేట్లే పగలంతా మిషను నడిపి, రాత్రికి సరిపడా బ్యాటరీ నింపాయి. ఈసారి కూడా ఆకాశంలో మబ్బు తునక లేదు. పళ్ళు ఇకిలించినట్టు ఎండ కాస్తోంది.

ఊళ్ళో ఒక జనరేటరుంది. అడగడానికి మనిషిని పంపాను. రామకాంత్ గారి సభకి మైకుల కోసం ముందే తీసుకుపోయారని కబురొచ్చింది.

ఇక నేను ఆగలేదు. కొడవలి పట్టుకుని డాబా ఎక్కి, చట్రానికి కట్టిన తాళ్ళన్నీ కోసేశాను. ఆ మొహం చప్పుడు చేసుకుంటూ మడతలు పడి కూలింది. దాన్ని చుట్ట చుట్టి పిట్టగోడ పక్కన పడేశాను. ప్లేట్ల మీద ఎండ నిండుగా పడింది. ఇన్వర్టరు చప్పుడు మారింది. ఆ చప్పుడు వింటుంటే నాకు ప్రాణం లేచి వచ్చింది. కిందికి వచ్చి గుడ్ల అరలు చూసుకున్నాను. అంతా వెచ్చగా ఉంది. ఒకటి రెండు గుడ్లు అప్పుడే కదులుతున్నాయి, లోపల పిల్ల తిరుగుతుంటే కదిలినట్టు. ఇంకో మూడు నాలుగు రోజుల్లో ముక్కుతో పెంకు పొడుస్తాయి.

అది మిరప మొదటి కోత రోజు. కూలీలు వచ్చి చేలో కూర్చుని ఉన్నారు, నేను వెళ్ళక తప్పదు. మా ఆయన పర్చూరు వెళ్ళి సాయంత్రానికి వస్తానన్నాడు. తలుపు దగ్గరికి వేసి చేనుకి పోయాను.

సాయంత్రం తిరిగొస్తుంటే రోడ్డు మలుపులోనే కనపడింది. రామకాంత్ నవ్వుతున్నాడు. కొత్త తాళ్ళేమో అనుకున్నాను. ఈసారి తాళ్ళు కాదు, ఇనుప తీగ. మూల మూలకీ మెలితిప్పి కట్టారు.

చెప్పులు విడవకుండానే లోపలికి పరిగెత్తాను. మిషను మీద ఎర్ర దీపం కూడా లేదు. బ్యాటరీ ఎప్పుడో అడుగంటింది. గుడ్లు చేతికి చల్లగా తగిలాయి. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళం చేరాం. సీసాల్లో వేడినీళ్ళు పోసి అరల మధ్య పెట్టాం. కుంపటి వెలిగించాం. గోతాలు కప్పాం. నసీమా తన ఇంట్లో పొదుగు మీదున్న రెండు పెట్టల కింద పట్టినన్ని సర్దింది. మిగతావి పట్టవు కదా. మార్గశిరం చలి. ఎన్ని నీళ్ళు కాచినా తెల్లారేదాకా వేడి నిలవలేదు.

మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పొద్దున పర్చూరు దాకా పోనేలేదని చెప్పాడు. ఎవరో ఫోను చేసి, బోర్డు కూలిందని చెబితే సగం దారిలో వెనక్కి తిరిగొచ్చి, నలుగురిని పోగేసి కట్టించాడు.

"ప్లేట్లు పనిచెయ్యవని తెలిసే కట్టించారా?" అన్నాను.

"ఒక్క రోజుకి ఏమవుద్దిలే అనుకున్నా," అన్నాడు. తర్వాత, గొంతు తగ్గించి, "తాళ్ళు కోసింది నువ్వని ఎవరికీ చెప్పలా. గాలికి తెగాయని చెప్పా," అన్నాడు. నా పరువు కాపాడినట్టు.

మర్నాటికి వాసన మొదలైంది.

ఆ వాసన ఎలా ఉంటుందో చెప్పడం నా వల్ల కాదు. ముందే చెడిపోయి ఉన్న గుడ్లు కొన్ని కుంపటి సెగకి పగిలాయి. మిగతావి చల్లబడి బిగుసుకుపోయాయి. చెవి దగ్గర పెడితే చప్పుడు లేదు. నేను ముక్కుకి కొంగు కట్టుకుని అరలు ఒక్కొక్కటే బయటికి తీస్తున్నాను. అదే రోజు రామకాంత్ రావాలి. మా ఇంటి ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. మా ఆయన సెంటు పట్టుకొచ్చి హాల్లో అంతా కొట్టాడు. మల్లెపూల సెంటు. కుళ్ళు వాసనా, మల్లె వాసనా కలిసిపోయాయి. ఇప్పటికీ ఎవరైనా మల్లె సెంటు కొట్టుకుని బస్సులో పక్కన కూర్చుంటే నేను లేచి నిలబడతాను.

షామియానా కింద పదిమంది దాకా కూర్చుని టీలు తాగుతున్నారు. నసీమున్నీసా బుట్ట పట్టుకుని వచ్చింది. తన గుడ్లు తాను తీసుకుపోయి పాతిపెడదామని. ముక్కులు మూసుకుంటున్న జనాన్ని చూసి వాకిట్లో ఓ పక్కకి ఒదిగి నిలబడింది.

ఎవరో అడిగారు, "ఏంది వెంకటనారాయణా, ఈ కంపు?"

నేను వంటింటి తలుపు వెనక ఉన్నాను. మా ఆయన నవ్వడం వినపడింది.

"ఏం చెప్పేది. మా ఆవిడ మెతకమనిషి. ఎవరు పడితే వాళ్ళు మురిగిన గుడ్లు తెచ్చి మిషన్లో పెట్టిపోతారు. చెడ్డ గుడ్డుకి మిషనేం చేసుద్ది?"

జనం నసీమా వైపు చూశారు. ఆమె చేతిలో బుట్ట ఉందిగా. ఆమె బుట్టని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

నాకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. పాచి పట్టిన నీళ్ళలో తెలియక చెయ్యి పెట్టినప్పుడు ఒళ్ళు ఎలా జలదరిస్తుంది, అలా అయింది. ఇన్నేళ్ళు ఆ చేతికి అన్నం పెట్టాను, ఆ చొక్కా ఉతికాను, ఆ పక్కన పడుకున్నాను.

ఒక గుడ్డు తీసుకుని బయటికొచ్చాను. టీ గ్లాసులున్న బల్ల మీద ఖాళీ సాసరుంటే, దాని అంచుకి కొట్టి, గుడ్డు అందులో ఒలిచాను. లోపల పిల్ల. ఈకలు తడితడిగా ఒంటికి అంటుకుని ఉన్నాయి. ముక్కు ఉంది, గోళ్ళున్నాయి, మూసుకున్న కన్ను ఉంది.

"ఇది నసీమా తెచ్చిన గుడ్డే. మురిగిన గుడ్డులో పిల్ల ఉండదు. ఇది చలికి చచ్చింది," అన్నాను.

ఒకాయన గ్లాసు కింద పెట్టేసి పక్కకి పోయి ఉమ్మేశాడు. మా ఆయన సాసరు వంక చూశాడు, తర్వాత రోడ్డు వంక చూశాడు.

"సరేలే, తీసెయ్యి. ఆయనొచ్చే టైమైంది," అన్నాడు.

తీసేశాను. నసీమా, నేనూ మిగతావన్నీ బుట్టల్లోకి ఎత్తి, మా చేను గట్టున గొయ్యి తీసి పూడ్చాం. పూడ్చి వస్తుంటే రామకాంత్ కార్లు మా ఇంటి ముందు ఆగి ఉన్నాయి. ఆయన దిగాడు. మా ఆయన దండతో ముందుకురికాడు. రామకాంత్ తలెత్తి డాబా మీద తన బొమ్మని తానే చూసుకున్నాడు.

"పాత ఫోటో వేశావేంటయ్యా? ఇప్పుడు నాకు మీసం లేదుగా," అన్నాడు.

"మార్పిస్తా, అన్నా. రేపే మార్పిస్తా," అన్నాడు మా ఆయన, నడుం వంచి.

మార్పించాడు కూడా. మీసం లేని మొహం, ముందరి దానికంటే పెద్దది.

అప్పటికి నేను పీరుతో మాట్లాడుకున్నాను. నసీమా ఇల్లు చిన్నదే కానీ మిద్దె బోడిగా, చుట్టూ అడ్డం లేకుండా ఉంటుంది. దక్షిణాన ఖాళీ స్థలం, ఆ తర్వాత పత్తిచేను. కొత్త బొమ్మ కట్టడానికి మనుషులు ఒకవైపు మెట్లెక్కుతుంటే, పీరూ ఇంకొకతనూ నా ప్లేట్లు దింపుకుని అవే మెట్లు దిగారు. ఒకరికొకరు దారి ఇచ్చుకున్నారు. మా ఆయన కింద నిలబడి, "ఏంది ఇది, జనం చూస్తే ఏమనుకుంటారు?" అన్నాడు.

"గాలికి ఎగిరిపోయాయని చెప్పండి," అన్నాను.

మిషను నసీమా వసారాలో పెట్టాం. ఆమె పెట్టల కింద సర్దిన గుడ్లు ఆ వారంలోనే పిల్లలయ్యాయి, దాదాపు అన్నీ. ఆ పిల్లల్ని చూడటానికి వీధి ఆడవాళ్ళంతా వచ్చారు. గుడ్లు మళ్ళీ రావడానికి ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది.

నేను ఇల్లు వదిలి పోలేదు. అలా అనుకునేరు. పొద్దున వంట చేసి, చేను చూసుకుని, మిగతా పగలంతా నసీమా వసారాలో ఉండేదాన్ని. రాత్రికి మా ఇంటికే. మా ఆయనకి వడ్డించేదాన్ని. ఆయన తినేటప్పుడు మాత్రం ఎదురుగా కూర్చోలేకపోయేదాన్ని. పెరట్లో ఏదో పనుందని వెళ్ళేదాన్ని. ఆయన చెయ్యి మెతుకులు కలుపుతుంటే నాకు ఆ ఇనుప తీగ మెలితిప్పినట్టే ఉండేది.

మాఘంలో రామకాంత్ అభ్యర్థి పేరు చెప్పాడు. వాళ్ళ బావమరిది. మా ఆయన రెండు రోజులు దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు. మూడోరోజు లేచి తెల్ల చొక్కా తొడుక్కుని ఆ బావమరిది తరఫున చీటీలు పంచడానికి పోయాడు. బోర్డు తీస్తాడేమో అనుకున్నాను. తీయలేదు.

ఫాల్గుణం వచ్చింది. మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్నాయి, ఊరంతా ఘాటు. ఒక మధ్యాహ్నం మిషన్లో పిల్లలు దిగుతున్నాయి. నేనూ నసీమా అరల ముందు కూర్చుని, ఆరిన పిల్లల్ని ఆరినట్టు గంపలోకి మారుస్తున్నాం. వాకిట్లో చెప్పుల చప్పుడైంది. మా ఆయన. ఆ ఇంటికి రావడం అదే మొదలు.

"ఇప్పుడు నీడ పడట్లేదు రత్నం," అన్నాడు, ఏదో శుభవార్త తెచ్చినట్టు. "ఇప్పుడే డాబా ఎక్కి చూసొచ్చా. నువ్వు ప్లేట్లు పెట్టుకున్న చోటంతా ఎండే."

"బోర్డు తీశారా?"

"ఉందిలే. దాన్నేం చెయ్యక్కర్లా. ఎండే పైకెక్కింది." ఆగాడు. "అందుకే చెబుతున్నా. ఇంక తెచ్చేసుకో ఇంటికి."

నేను పిల్లలు మారుస్తూనే ఉన్నాను. నసీమా లేచి, "కూర్చోండన్నా, టీ పెడతా," అంది. లోపలికెళ్ళి నిజంగానే పెట్టి తెచ్చింది. ఆయన కూర్చుని, ఆమె టీ ఊదుకుంటూ తాగాడు. చక్కెర సరిపోయిందన్నాడు. ఆమె గుడ్ల గురించి అప్పుడు అన్న మాట ఆయనకి గుర్తున్నట్టే లేదు. నేను ఆమె మొహంలోకి చూడలేక గంపలోకి చూశాను.

ఆయన గ్లాసు కింద పెట్టి, కండువాతో మూతి తుడుచుకుని, ముందుకి వంగి గంపలోకి తొంగిచూశాడు. పసుపు పచ్చవీ, నల్లవీ, చారలవీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కిచకిచమంటున్నాయి.

"చాలా దిగాయే," అన్నాడు. "ఇవన్నీ మనవేనా?"

"మావి," అన్నాను.

ఆయన నావైపు చూశాడు, నసీమా వైపు చూశాడు. కాసేపటికి లేచి, వాకిట్లో చెప్పులు తొడుక్కుని వెళ్ళాడు.